పెడల్ పైకి లేచింది, బండి ముందుకు పోనంది: ఒక 1954 మారిస్ మైనర్ బ్రేకుల కేసు

నల్లగొండలో దేవరకొండ రోడ్డు మీద మా షెడ్డు. నలభై ఏళ్లుగా నాకు ఇదే పని. చేయి తిరిగింది అంబాసిడర్ల మీద, జీపుల మీద. ఇప్పుడు నాకు అరవై మూడు. కింద కూర్చుంటే లేవడానికి బంపర్ పట్టుకోవాలి, డ్రమ్ము బెజ్జంలోకి చూడాలంటే దగ్గరి చూపు అద్దాలు పెట్టుకోవాలి. నా వయసు సంగతి ముందే చెప్పడానికి కారణం ఉంది. ఈ కేసులో బండికీ, ఓనరుకూ, మెకానిక్‌కూ ముగ్గురికీ వయసు మళ్లింది. బ్రేకులు చెడిపోవడంలో మొదట ఓనరు మోకాలు, తర్వాత నా బద్ధకం, రెండూ ఉన్నాయి.

బండి 1954 మారిస్ మైనర్, సిరీస్ టూ. 803 సీసీ ఇంజను, ముందు అద్దం మధ్యలో పట్టీతో రెండు ముక్కలుగా ఉంటుంది. ఇంగ్లండ్‌లో 1948 నుంచి 1971 దాకా ఈ మైనర్‌ను తయారుచేశారు. డిజైన్ చేసినాయన అలెక్ ఇసిగోనిస్, తర్వాత మినీ కారు తెచ్చింది కూడా ఆయనే. ఈ బండికి లాక్‌హీడ్ హైడ్రాలిక్ బ్రేకులు. నాలుగు చక్రాలకూ డ్రమ్ములే, అన్నీ ఏడంగుళాలవే. డ్రమ్ము అంటే చక్రంతో పాటు తిరిగే గుండ్రటి డబ్బా; బ్రేకు తొక్కితే లోపలి షూలు, వాటి మీది లైనర్లు దానికి రాసుకుని బండిని ఆపుతాయి. ముందు డ్రమ్మును ఎనిమిది అంగుళాలకు పెంచింది 1962లో. అంటే మన బండికి ఉన్నవి చిన్న బ్రేకులు. కాలి బలానికి తోడుపడే బూస్టర్ లేదు. కాలి బలమే బ్రేకు బలం. ఇంకో సంగతి, నాలుగు చక్రాలకూ ఆయిల్ పోయే లైను ఒక్కటే. ఎక్కడ చిల్లు పడ్డా నాలుగూ పోయినట్టే.

ఓనరు రిటైర్డ్ లెక్చరర్. వయసు డెబ్బై ఆరు. బండి వాళ్ల నాన్నగారు హైదరాబాద్‌లో సెకండ్ హ్యాండ్‌లో కొన్నది. వారానికోసారి సార్ తిప్పర్తి అవతల ఉన్న పొలానికి ఇందులోనే పోయి వస్తారు. రెండేళ్ల కింద కుడి మోకాలికి ఆపరేషన్ చేసి కీలు మార్చారు. ఈ మోకాలి సంగతి నాకు మొదటి రోజు తెలియదు. నేను అడగలేదు కూడా.

ఉగాదికి పది రోజుల ముందు సార్ షెడ్డుకు వచ్చారు.

"ఏందయ్యా, బ్రేకు తొక్కకుండనే బ్రేకు పడ్తుంది. ఐదారు కిలోమీటర్లు పోయినంక ఎవరో ఎనక నుంచి గుంజినట్టుంటది. చెట్టు కింద అర్ధగంట ఆపితే మళ్ల మంచిగ పోతుంది."

"పెడల్ ఎట్లుంది సార్?"

"పెడల్ సూపర్. ఇంత పైననే పట్టుకుంటది."

ఈ మాట దగ్గరే నేను ఆగి ఉండాల్సింది. లైనర్లు సగం అరిగిన డెబ్బై ఏళ్ల బండికి పెడల్ 'ఇంత పైననే' పట్టుకుంటే సంతోషపడకూడదు, అనుమానపడాలి. నేను సంతోషపడ్డాను.

అది పెళ్లిళ్ల సీజను. షెడ్డులో మూడు బండ్లు విప్పేసి ఉన్నాయి. మైనర్‌ను జాకీ మీద లేపి చక్రాలు తిప్పి చూశాను. బండి చల్లగా ఉంది. నాలుగూ తిరిగాయి, లోపల షూ కొంచెం రాసుకుంటున్న చప్పుడు మాత్రం వచ్చింది. షూలను డ్రమ్ముకు దగ్గరగానో దూరంగానో జరిపే అడ్జస్టర్లను ఎవరో ఎక్కువ బిగించారని తీర్మానించేసుకున్నాను. ఈ బండికి అడ్జస్ట్ చేసే చోట్లు ఆరు. ముందు చక్రాల్లో ఒక్కోదానికి రెండు, వెనక చక్రాల్లో ఒక్కోటి. ముందు రెండు షూలనూ రెండు వేరువేరు సిలిండర్లు తోస్తాయి కాబట్టి రెండింటికీ విడివిడిగా అడ్జస్టర్ ఉంటుంది. ఒక్కో క్లిక్ చొప్పున అన్నీ లూజు చేశాను. అన్నీ అంటే ఐదు. కుడి ముందు చక్రంలో కింది అడ్జస్టర్ కదల్లేదు. స్క్రూడ్రైవర్ పెడితే జారిపోతోంది. గాడి నలిగిపోయి ఉంది. ఒక్కటి కదలకపోతే ఏమైతదిలే అనుకున్నాను. పెట్రోల్ బంకు దాకా ఒక రౌండ్ కొట్టి తాళాలు ఇచ్చేశాను.

మూడో రోజు సార్ ఫోన్ చేశారు. గొంతులో కోపం లేదు, అది ఇంకా ఇబ్బందిగా అనిపించింది. క్లాక్ టవర్ దగ్గర సిగ్నల్‌లో బ్రేకు తొక్కితే పెడల్ సగం దాకా కిందికి పోయిందట. రెండు మూడుసార్లు పంపు కొట్టినట్టు కొడితే ముందున్న ఆటో వెనక జానెడు దూరంలో ఆగిందట. అక్కడి నుంచి ఇంటికి పోయేలోపు బండి మళ్లీ పట్టేసింది, ఈసారి ఇంకా తొందరగా. "నీ దగ్గరికి రాకముందే నయముండె కదయ్యా" అన్నారు. నిజమే.

లూజు చేసిన తర్వాత బ్రేకు ఇంకా త్వరగా పట్టేయడం ఏమిటి? షూలు బిగువుగా ఉండటమే రోగమైతే లూజు చేశాక తగ్గాలి కదా. రాత్రంతా అదే ఆలోచన. తెల్లారి బండిని షెడ్డుకు తెమ్మనలేదు, నేనే సార్ ఇంటికి పోయాను. రోగం బండి వేడెక్కినప్పుడు వస్తుంది. చల్లారిన బండిని జాకీ మీద పెట్టి వెతికితే ఏం దొరుకుతుంది?

సార్ నడిపారు, నేను పక్కన కూర్చున్నాను. పానగల్ వైపు పోయాం. ఉదయసముద్రం కట్ట దాటాక బండి బరువెక్కింది. ఎక్సలేటర్ మీద కాలు తీయగానే మామూలుగా దొర్లాల్సిన బండి నాలుగడుగులకే ఆగిపోయింది. దిగి బాటిల్లో నీళ్లు చేత్తో చిలకరిస్తే ముందు డ్రమ్ముల మీద సుయ్యిమన్నాయి. వెనకవి కూడా బాగా వేడిగానే ఉన్నాయి.

ఇక్కడ చేసిన పరీక్ష గురించి కొంచెం వివరంగా చెప్పాలి. బ్రేకు పట్టేయడానికి కారణాలు రెండు రకాలు. ఒకటి లోహం వైపు నుంచి: స్ప్రింగు విరగడం, హ్యాండ్ బ్రేక్ కేబుల్ ఇరుక్కోవడం, అడ్జస్టర్ బిగిసిపోవడం లాంటివి. రెండోది ఆయిల్ వైపు నుంచి: కాలు తీసినా లైనులో ప్రెషర్ మిగిలిపోవడం. ఏది అన్నది తేల్చడానికి బ్లీడింగ్ నిపుల్ ఉంది, అంటే చక్రం దగ్గర ఆయిల్ బయటికి వదిలే చిన్న మర. వెనక చక్రాలకు రాళ్లు పెట్టి, ఎడమ ముందు చక్రం జాకీ మీద లేపాను. రెండు చేతులతో తిప్పినా కదల్లేదు. నిపుల్‌కు ట్యూబ్ తగిలించి, కొస సీసాలో పెట్టి, పానతో పావు చుట్టు తిప్పాను. వేడి ఆయిల్ చివ్వున వచ్చింది. ఆ క్షణంలోనే చక్రం వదిలేసింది. (కళ్లద్దాలు లేకుండా ఈ పని చేయకండి. దగ్గరి చూపు అద్దాలు నాకు ఈ రకంగా కూడా పనికొచ్చాయి.) మిగిలిన మూడు చక్రాలు కూడా ఒకదాని తర్వాత ఒకటి లేపి చూస్తే అవి కూడా వదిలేశాయి.

దీంతో రెండు సంగతులు తేలాయి. ప్రెషర్ ఆయిల్‌దే. అది ఒక చక్రానిది కాదు, నాలుగింటిదీ. రబ్బరు హోస్ లోపల ఉబ్బి దారి మూసుకుంటే ఆ హోస్ ఉన్న వైపు మాత్రమే పట్టేస్తుంది. నాలుగూ ఒకేసారి పట్టేశాయంటే తాళం మాస్టర్ సిలిండర్ దగ్గరే ఉంది, అంటే పెడల్ తొక్కితే ఆయిల్‌ను నాలుగు చక్రాలకూ తోసే చోట.

మాస్టర్ సిలిండర్‌లో పిస్టన్ ముందున్న రబ్బరు కప్పుకు కాస్త ముందు, ట్యాంకులోకి పోయే ఒక సన్నటి బెజ్జం ఉంటుంది. కాలు తీసినప్పుడు కప్పు పూర్తిగా వెనక్కి వచ్చి ఆ బెజ్జాన్ని తెరిచి ఉంచాలి. డ్రమ్ములు వేడెక్కితే ఆయిల్ వ్యాకోచిస్తుంది. ఆ ఎక్కువైన ఆయిల్ బెజ్జం గుండా ట్యాంకులోకి తిరిగిపోవాలి. ఇంటి మీది నీళ్ల ట్యాంకుకు ఓవర్‌ఫ్లో పైపు ఉన్నట్టు. ఆ పైపుకు గుడ్డ కుక్కితే ఏమవుతుందో ఇక్కడా అదే. ఆయిల్‌కు పోయే దారి లేక షూలను తోస్తుంది, షూ రాసుకుని ఇంకా వేడెక్కుతుంది, ఆయిల్ ఇంకా ఉబ్బుతుంది. చెట్టు కింద అర్ధగంట ఆపితే చల్లారి వదిలేస్తుంది. పంపు కొడితే ఎందుకు తొందరగా పట్టేసిందో కూడా అప్పుడే అర్థమైంది. కొట్టిన ప్రతిసారీ ట్యాంకులోంచి కొంచెం కొత్త ఆయిల్ కప్పు అంచు పక్క నుంచి ముందుకు వస్తుంది, తిరిగి పోవడానికి మాత్రం దారి లేదు. లూజు చేసి నేను చేసిన సాయం ఏమిటంటే, సార్‌తో పంపు కొట్టించడం.

మైనర్‌లో మాస్టర్ సిలిండర్ బానెట్ కింద ఉండదు. డ్రైవరు కాళ్ల కింద, ఫ్లోరు అడుగున చాసిస్ దూలంలో ఉంటుంది. కార్పెట్ తీసి పై మూత విప్పి టార్చ్ వేశాను. పెడల్ నుంచి పిస్టన్‌కు పోయే పుష్‌రాడ్ మీద లాక్‌నట్టు మెరుస్తోంది. చుట్టూ డెబ్బై ఏళ్ల మట్టి, గ్రీజు. నట్టు అంచుల మీద మాత్రం కొత్త పాన గాట్లు. ఎవరో రాడ్డును తిప్పి పొడుగు చేశారు. పెడల్‌ను వేలితో నొక్కి చూశాను, ఖాళీ ఆట అసలే లేదు. మైనర్‌కు పిస్టన్ కదలడం మొదలయ్యే ముందు పెడల్ సుమారు అర అంగుళం ఖాళీగా కదలాలి. కంపెనీ దీన్ని బండి తయారీలోనే సెట్ చేసి పంపుతుంది, మామూలుగా మళ్లీ ముట్టుకునే అవసరం రాదు.

సార్ వైపు చూశాను. ఆయన బండికి ఆనుకుని నిలబడి ఉన్నారు.

"పోయిన దసరాకు వేరే షెడ్డుల చూపిచ్చిన. పెడల్ కిందికి పోతుంది, మోకాలు అంత దూరం చాపి తొక్కుడు కష్టమైతుంది, జర పైకి లేపమన్న. ఆ పిలగాడు పది నిమిషాలల్ల లేపి ఇచ్చిండు."

ఆ పిల్లవాడిని నేను పెద్దగా తప్పుపట్టను. పెడల్ ఎందుకు కిందికి పోతోందో వెతికి ఉంటే వాడికీ దొరికేది. కుడి ముందు చక్రంలో నేను 'ఏమైతదిలే' అని వదిలేసిన అడ్జస్టరే మొదటి రోగం. అది తుప్పు పట్టి కదలక, ఆ షూ ఏళ్ల తరబడి అరిగిన చోటే ఉండిపోయింది. డ్రమ్ముకూ దానికీ మధ్య ఖాళీ పెరిగింది. ఆ ఖాళీ నిండే దాకా పెడల్ కిందికి పోతుంది. బ్రేకు వేయగానే బండి మొదట కొంచెం ఎడమకు లాగి తర్వాత సర్దుకునేదని సార్ తర్వాత చెప్పారు, దానికి కారణం కూడా ఇదే. అడ్జస్టర్ తిరగలేదు కాబట్టి ఆ పిల్లవాడు తిరిగేదాన్ని తిప్పాడు. గాడి నలిగింది కూడా అతని ప్రయత్నంతోనో, అంతకు ముందు ఇంకెవరితోనో. నేను రెండోవాణ్నో మూడోవాణ్నో అయ్యాను, అంతే తేడా.

మరమ్మతు రెండు రోజులు పట్టింది. కుడి ముందు డ్రమ్ముకు రెండే స్క్రూలు. అవి తీసి డ్రమ్ము లాగాము. లోపలి దుమ్ము గాలి కొట్టి ఊదలేదు. పాత లైనర్లలో పీలిస్తే ప్రమాదమైన ఆస్బెస్టాస్ ఉంటుంది, తడిగుడ్డతో తుడిచి ఆ గుడ్డ కవర్లో కట్టి పారేశాం. మా షెడ్డులో పిల్లలు ఇప్పటికీ డ్రమ్ము తీయగానే కంప్రెసర్ పైపు అందుకుంటారు, ఎన్నిసార్లు చెప్పినా. కింది సిలిండర్ విప్పి బల్ల మీద పెట్టి, తుప్పు వదిలే ఆయిల్ పోసి రాత్రంతా ఉంచాం. పొద్దున బిగుసుకున్న అడ్జస్టర్ స్క్రూ మెల్లగా కదిలింది. నలిగిన గాడిని హ్యాక్సా బ్లేడుతో కొంచెం లోతు చేశాను. పిస్టన్ బాగానే ఉంది, రబ్బరు కప్పు గట్టిపడింది. మైనర్ కప్పు అని అడిగితే ఎక్కడా దొరకదు. బోరు కొలిచి, పాత కప్పు చేతిలో పెట్టి పిల్లవాణ్ని హైదరాబాద్ రాణిగంజ్ పంపితే సరిపోయేది దొరికింది. రబ్బర్లను బ్రేక్ ఆయిల్‌తోనే కడిగాం. పెట్రోల్, కిరోసిన్, ఇంజన్ ఆయిల్ ఏది తగిలినా ఆ రబ్బరు ఉబ్బి నాశనమవుతుంది. లైనర్లు రివెట్ తలలకు పైన ఇంకా తగినంత ఉన్నాయి కాబట్టి మార్చలేదు.

పుష్‌రాడ్‌ను తగ్గించి అర అంగుళం ఆట తిరిగి ఇచ్చాను. సార్ చూస్తూనే ఉన్నారు. "మళ్ల కిందికి పోతదేమో" అన్నారు. "పోదు సార్, పైకి లేపేది ఇక్కడ కాదు, అక్కడ" అని చక్రం చూపించాను. పాత ఆయిల్ మొత్తం తీసి కొత్త డాట్ 3 బ్రేక్ ఆయిల్ పోసి, దూరంగా ఉన్న ఎడమ వెనక చక్రంతో మొదలుపెట్టి, కుడి ముందు చక్రంతో ముగిస్తూ ఎయిర్ తీశాం. పాత ఆయిల్ టీ డికాక్షన్ రంగులో వచ్చింది.

ఇక అసలు అడ్జస్ట్‌మెంట్. ఈ పని నేనే చేశాను, పిల్లలకు ఇవ్వలేదు. హ్యాండ్ బ్రేక్ వదిలేయాలి. బండి కింద స్టాండ్లు ఉండాలి, జాకీని నమ్మకూడదు. చక్రం తీసేసి డ్రమ్మును చేత్తో తిప్పుతూ, డ్రమ్ము ముఖం మీది బెజ్జం లోపలి అడ్జస్టర్ స్క్రూ ఎదురుగా వచ్చే దాకా చూడాలి. టార్చ్ పిల్లవాడు పట్టుకున్నాడు. సన్నటి స్క్రూడ్రైవర్ బెజ్జంలోంచి పెట్టి గాడిలో కూర్చుందో లేదో ముందు మెల్లగా కదిపి చూసుకోవాలి, లేకపోతే గాడి మళ్లీ నలుగుతుంది. గడియారం ముల్లు తిరిగే వైపు తిప్పితే షూ డ్రమ్ముకు దగ్గరవుతుంది. ఒక్కో క్లిక్‌కు చిన్న 'టిక్'. నాకు ఆ చప్పుడు వినపడదు ఇప్పుడు, మణికట్టుకు మాత్రం తెలుస్తుంది. మొదటి నాలుగు టిక్కులు తేలిగ్గా పోయాయి. ఐదోదానికి బరువు వచ్చింది. ఆరోదానికి డ్రమ్ము చేత్తో తిరగనంది. అక్కడ ఆగి ఒక క్లిక్ వెనక్కి. తిప్పి చూస్తే ఎక్కడో ఒక చోట సన్నగా రాసుకుని వదిలేస్తోంది, అంత ఉండాలి. ఆ చక్రంలోనే రెండో అడ్జస్టర్ దగ్గరికి బెజ్జాన్ని తిప్పి మళ్లీ అదే. ఒక చక్రం అయ్యాక పిల్లవాణ్ని సీట్లో కూర్చోబెట్టి పెడల్ గట్టిగా రెండుసార్లు తొక్కించి, షూలు సర్దుకున్నాక మళ్లీ చూశాను. కుడి కిందిదానికి ఇంకో క్లిక్ దొరికింది. ఎన్నో ఏళ్ల తర్వాత కదిలిన షూ కదా.

వెనకవి అయ్యాకే హ్యాండ్ బ్రేక్ కేబుల్ చూశాను. చాలామంది ముందు కేబుల్ లాగుతారు, దాంతో వెనక షూలు ముందే సగం తెరుచుకుని ఉండి అడ్జస్టర్ లెక్క తప్పుతుంది. మైనర్‌లో సీట్ల మధ్య లీవరు మొదట్లో నట్లు ఉంటాయి, వాటితో సర్దాను. లీవరు లాగితే మూడో పన్ను దగ్గర రెండు వెనక చక్రాలూ సమానంగా పట్టుకున్నాయి.

పెడల్ ఇప్పుడు అర అంగుళం ఖాళీగా పోయి, ఆ తర్వాత కొద్ది దూరంలోనే రాయిలా ఆగింది. పోయిన దసరాకు సార్ అడిగింది ఈ ఎత్తే.

బండి సరే. సార్ కాలు సంగతి మిగిలింది. బూస్టర్ లేని బండిలో ఎంత బలంగా తొక్కగలరో తెలియాలి. మా ఇంట్లో బరువు చూసుకునే మిషన్ తెచ్చి గోడకు ఆనించి, సార్‌ను కుర్చీలో కూర్చోబెట్టి కుడి కాలితో తొక్కించాను. మొదటిసారి ముప్పై కిలోలు. పదిసార్లు వరుసగా తొక్కాక ఇరవై ఒకటి. నడుము వెనక గట్టి దిండు పెట్టి కూర్చోబెడితే ముప్పై ఆరు దాటింది, పదోసారికి కూడా ముప్పైకి తగ్గలేదు. వెనక ఆనుకోవడానికి గట్టిగా ఉంటే తొడ బలం పెడల్‌కు పోతుంది, లేకపోతే సీటు మెత్తదనంలోకి పోతుంది. ఇది డాక్టరు చెప్పే లెక్క కాదు, నా షెడ్డు లెక్క. కానీ ఆ రోజే బండిలో డ్రైవరు సీటుకు కొబ్బరి పీచు దిండు కట్టించాము, సీటు ఒక పట్టీ ముందుకు జరిపాము.

వాక్యూమ్ బూస్టర్ పెడదామా అని అడిగాను. ఏడంగుళాల డ్రమ్ము చేయగలిగింది అంతే, బూస్టర్ దాన్ని పెద్ద డ్రమ్ము చేయదు, కానీ కాలికి శ్రమ తగ్గిస్తుంది. సార్ వద్దన్నారు. నాన్నగారి బండిలో లేనిది పెట్టనన్నారు. నేనైతే పెట్టించుకునేవాణ్ని, ఆ మాట ఆయనతోనే అన్నాను.

ట్రయల్‌కు మళ్లీ పానగల్ దాటి, మొత్తం పద్దెనిమిది కిలోమీటర్లు పోయి వచ్చాం. కావాలనే చాలాసార్లు బ్రేకు వేయించాను. డ్రమ్ము మీద నీళ్లు చిలకరిస్తే ఆరాయి గాని చప్పుడు చేయలేదు. ఎక్సలేటర్ వదిలితే బండి దొర్లుతూనే ఉంది. ఖాళీ రోడ్డులో స్టీరింగు వదులుగా పట్టుకుని బ్రేకు వేస్తే నేరుగా ఆగింది.

మొదటి విజిట్ డబ్బులు తీసుకోలేదు. రెండోదానికి తీసుకున్నాను.

రెండు నెలలకు సార్ మళ్లీ వచ్చారు, అప్పుడే చూపించమని చెప్పి ఉన్నాను. కుడి ముందు కింది అడ్జస్టర్‌కు ఒక క్లిక్ పట్టింది, మిగిలిన ఐదూ అలాగే ఉన్నాయి. ట్యాంకులో ఆయిల్ తగ్గలేదు. పెడల్ ఆట సరిగ్గానే ఉంది. లాక్‌నట్టు మీద ఎర్ర పెయింట్ చుక్క పెట్టి ఉంచాను, ఎవరైనా తిప్పితే తెలియడానికి. చుక్క చెదరలేదు. రాత్రిపూట, నార్కట్‌పల్లి హైవే వైపు మాత్రం సార్ ఇప్పుడు బండి తీయడం లేదట. అది నేను చెప్పింది కాదు, వాళ్ల కూతురు చెప్పింది. పొలం నుంచి చీకటి పడితే ఆమె పోయి నడుపుకుని వస్తోంది. ఆమె కాలుకు ఆ దిండు ఎక్కువైందట, తీసి వెనక సీట్లో వేస్తుంది. సార్ ఎక్కేటప్పుడు మళ్లీ కట్టుకుంటారు.